పార్సిల్ డబ్బాకీ ఒక చరిత్ర ఉంది

ఈ మధ్య ప్రతి వంటింట్లోనూ ఒక కొత్త దొంతర పెరుగుతోంది. స్టీలు గిన్నెల దొంతర కాదు. బిర్యానీ వచ్చిన నల్ల డబ్బాలు, మంచూరియా వచ్చిన తెల్ల డబ్బాలు, రైతా వచ్చిన బుల్లి గిన్నెలు. పారేయడానికి మనకు చేతులు రావు. ఒకదాంట్లో కరివేపాకు పెడతాం, ఒకదాంట్లో ఎండుమిర్చి, ఇంకోదాంట్లో పక్కింటావిడకి పులిహోర పంపుతాం. ఎంత వాడినా వచ్చేవే ఎక్కువ. చివరికి ఒకరోజు అన్నీ తీసి పొడి చెత్త బుట్టలో వేస్తాం. వేసే ముందు డబ్బా అడుగున చూస్తే మూడు బాణాల త్రికోణం, మధ్యలో 5 అంకె కనిపిస్తాయి. ఇది మళ్ళీ పనికొచ్చేదేలే అని మనసు తేలికపడుతుంది.

ఆ త్రికోణం నిజంగా ఆ మాట ఇచ్చిందా? చెత్త ఏరే కేంద్రానికి వెళ్ళాక ఆ డబ్బా గతి ఏమిటి? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక ఇల్లాలు ఉంది, బడి పిల్లలున్నారు, కోర్టు కేసులున్నాయి. అది తెలుసుకుంటే మన బుట్టలోకి ఏది వేయాలో, అసలు మన ఇంటికి ఏది రావాలో మనమే తేల్చుకోవచ్చు.

ముందు మన సంగతి చూద్దాం. అన్నం మూట కట్టుకుని వెళ్ళడం మనకు కొత్తేమీ కాదు. పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు చల్దులు తినే ఘట్టం గుర్తుందా? డిగ్రీలో తెలుగు చదివినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేరు. ఆ పిల్లలకు కంచాలు లేవు. రాళ్ళు, చిగుళ్ళు, గడ్డి, తీగలు, పూలు, ఆకులు, ఆఖరికి మూట తెచ్చుకున్న చిక్కాలు కూడా కంచాలే అయ్యాయి. తిన్నాక కడిగే పని లేదు, మోసుకొచ్చే పనీ లేదు.

మన విస్తరాకుదీ అదే పద్ధతి. మోదుగాకులు, మర్రాకులు, ఉత్తరాంధ్ర ఏజెన్సీలో అడ్డాకులు చీపురు పుల్లలతో కుట్టి ఎండబెట్టి కట్టలు కట్టేవారు. ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక్కసారి తింటే అది ఎంగిలాకు. మళ్ళీ వాడే ప్రసక్తే లేదు. కాబట్టి “వాడి పారేయడం” పడమటి దేశాల నుంచి వచ్చిన అలవాటు అనుకోవద్దు. మనవాళ్ళు వందల ఏళ్ళుగా వాడి పారేస్తూనే ఉన్నారు. కానీ పారేసిన ఆకు ఆవు తినేది, లేదా పెంటకుప్పలో కుళ్ళి పొలానికి ఎరువయ్యేది. ఎంగిలిని భూమి తీసుకునేది.

ఊళ్ళలో హోటళ్ళు వచ్చాక పార్సిలూ వచ్చింది. ఇడ్లీ అయితే అరిటాకులో పెట్టి, మీద పాత పేపరు చుట్టి, దారంతో కట్టేవారు. సాంబారు కావాలంటే ఇంటి నుంచే క్యారియరో చెంబో తీసుకెళ్ళాలి. ఆ తర్వాత సాంబారుకీ పచ్చడికీ పల్చటి ప్లాస్టిక్ కవరు, దానికో రబ్బరు బ్యాండు వచ్చాయి. మన దగ్గర పద్ధతి మారింది అక్కడే. ఆవు తినగలిగే ఆకు స్థానంలో, ఆవు తింటే చచ్చిపోయే కవరు వచ్చింది. పారేసే చెయ్యి మాత్రం పాత అలవాటునే పట్టుకుని ఉంది.

ఇక డబ్బా పుట్టిన చోటికి వెళ్దాం. హోటల్ తిండిని ఇంటికి తీసుకెళ్ళే డబ్బాను పెద్ద ఎత్తున వాడి, దాన్ని ఏంచేయాలో తెలియక మొదట తలపట్టుకున్నది అమెరికా. 1894లో షికాగోలో ఫ్రెడరిక్ వీక్స్ విల్‌కాక్స్ అనే ఆయన ఒకే కాగితాన్ని మడిచి చేసే బకెట్ లాంటి పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. అసలు అది ఆల్చిప్పల మాంసం పట్టుకెళ్ళడానికి. తర్వాత దాన్ని చైనా హోటళ్ళు నూడుల్స్‌కి వాడుకున్నాయి. ఇప్పటికీ సినిమాల్లో కనిపించే తెల్ల పెట్టె అదే. అది కాగితం కాబట్టి పెద్ద గొడవ రాలేదు.

గొడవ తెచ్చింది నురుగు ప్లాస్టిక్. మనం థర్మకోల్ అంటామే, ఆ జాతిది. దాని అసలు పేరు పాలిస్టైరీన్. 1975లో మెక్‌డొనాల్డ్స్ తన బర్గర్లను ఈ నురుగు డబ్బాల్లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. గవ్వలా తెరుచుకుని మూసుకునే డబ్బా. వేడి పోదు, నూనె కారదు, చాలా చవక. అందరికీ నచ్చింది. దాని ఆయుష్షు మాత్రం బర్గర్ తినే పది నిమిషాలు.

1987లో ఒక విచిత్రం జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐస్లిప్ అనే ఊరి చెత్తను పూడ్చడానికి చోటు చాలలేదు. మూడు వేల టన్నులకు పైగా చెత్తను మోబ్రో 4000 అనే బల్లకట్టు మీదికి ఎక్కించి దక్షిణాదికి పంపారు. నార్త్ కరోలినా వద్దు పొమ్మంది. లూసియానా వద్దంది. మెక్సికో, బెలీజ్ దేశాలూ రానివ్వలేదు. పిల్లనిచ్చేవాళ్ళు లేని సంబంధంలా ఆ చెత్త నెలల తరబడి సముద్రంలో తిరిగి తిరిగి, మళ్ళీ న్యూయార్క్‌కే వచ్చింది. చివరికి బ్రూక్లిన్‌లో కాల్చి, బూడిదను ఐస్లిప్‌లోనే పూడ్చారు. టీవీల్లో రోజూ ఆ పడవను చూసిన జనానికి మొదటిసారి ఒక సంగతి తట్టింది. మనం “పారేశాం” అనుకున్నది ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది.

ఇక్కడే మన ఇల్లాలు కథలోకి వస్తుంది. ఆమె పేరు లోయిస్ గిబ్స్. న్యూయార్క్ రాష్ట్రం నయాగరా ఫాల్స్ ఊళ్ళో లవ్ కెనాల్ అనే పేటలో ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి. చిన్న బాబు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక తరచూ జబ్బు పడుతుంటే ఆరా తీసింది. ఒక రసాయనాల కంపెనీ వేల టన్నుల విషపు చెత్త పూడ్చిన గుంత మీదనే ఆ బడి కట్టారని 1978లో తెలిసింది. గిబ్స్ ఇంటింటికీ తిరిగి తలుపు తట్టి ఇరుగుపొరుగును కూడగట్టింది. “చదువుకున్నవాళ్ళకి తెలియనిది ఇంట్లో కూర్చునే ఆడవాళ్ళకేం తెలుసు” అనే ధోరణిని ఆ తల్లులు చాలా ఎదుర్కొన్నారు. ఆఖరికి ప్రభుత్వం వందల కుటుంబాలను అక్కణ్ణుంచి తరలించక తప్పలేదు. ఆ తర్వాత 1981లో ఆమె విషపు చెత్త మీద పోరాడేవాళ్ళకి సాయపడే సంస్థ ఒకటి పెట్టింది.

ఆ సంస్థే 1987లో నురుగు డబ్బాల మీద ఉద్యమం మొదలుపెట్టింది. అదే ఏడాది న్యూజెర్సీలోని క్లోస్టర్ అనే ఊళ్ళో బడి పిల్లలు కాలుష్యం మీద ఒక సంఘం పెట్టుకుని, అదే డబ్బాల మీద పడ్డారు. ఉద్యమం చేసిన పద్ధతి ఎంత సులువైందో చూడండి. తిన్న తర్వాత డబ్బాను పారేయకుండా పోస్టులో కంపెనీ ఆఫీసుకే తిప్పి పంపడం. “మీ వస్తువు మీరే ఉంచుకోండి” అన్నట్టు. పెళ్ళికి వచ్చిన స్టీలు గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మన అమ్మమ్మలు అనేవారు కదా, ఇది దానికి సరిగ్గా తలకిందులు.

కంపెనీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. వాళ్ళ జవాబు ఒక్కటే: “వీటిని రీసైకిల్ చేస్తాం.” 1989లో పాలిస్టైరీన్ తయారుచేసే పెద్ద కంపెనీలు కలిసి దానికోసమే ఒక సంస్థ పెట్టాయి. మెక్‌డొనాల్డ్స్ న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని వందలాది హోటళ్ళలో విడిగా బుట్టలు పెట్టి, తిన్నవాళ్ళు నురుగు డబ్బాలను వేరుగా వేయాలని కోరింది. వాటిని మసాచుసెట్స్‌లోని కేంద్రానికి చేర్చి, కడిగి, కరిగించి మళ్ళీ గింజలుగా చేయాలనేది పథకం. కాగితం మీద చక్కగా ఉంది.

ఆచరణలో మూడు చిక్కులొచ్చాయి. మొదటిది ఎంగిలి. డబ్బాలతోపాటు సాసు, చీజు, సగం తిన్న రొట్టె, కాగితాలు అన్నీ బుట్టలో పడేవి. రెండోది బరువు. నురుగు డబ్బాలో తొంభై శాతానికి పైగా గాలే ఉంటుంది. లారీ నిండా తీసుకెళ్తే దిగేది గుప్పెడు ప్లాస్టిక్. గాలిని మోసినందుకు డీజిలు ఖర్చు. మూడోది బేరం. ఇంత కష్టపడి తీసిన గింజ కంటే కొత్త గింజే చవక. ఇక కొనేవాడెవడు?

మెక్‌డొనాల్డ్స్ 1990 ఆగస్టులో ఒక పర్యావరణ సంస్థతో కలిసి తన చెత్తను తగ్గించే మార్గాలు చూడటానికి ఒప్పుకుంది. అదే ఏడాది నవంబరు 1న నురుగు డబ్బాలు మానేస్తున్నట్టు ప్రకటించింది. వాటి బదులు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉన్న కాగితంలో బర్గర్ చుట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. గమనించండి, ఆ కాగితం కూడా రీసైకిల్ కాదు! కాకపోతే డబ్బాతో పోలిస్తే అది ఆక్రమించే చోటు చాలా తక్కువ. “తిరిగి పనికి వస్తుంది” అనే ఆశ కన్నా “అసలు తక్కువ వాడతాం” అనే లెక్క గెలిచిందన్నమాట. ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన మలుపు ఇదే.

ఇప్పుడు మన డబ్బా అడుగునున్న త్రికోణం సంగతి. 1970లో, మొదటి ధరిత్రీ దినోత్సవం జరిగిన ఏడాది, అట్టపెట్టెలు చేసే ఒక అమెరికా కంపెనీ విద్యార్థులకు పోటీ పెట్టింది. తిరిగి వాడిన కాగితానికి ఒక గుర్తు గీయాలి. గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ళ విద్యార్థి గీసిన మూడు బాణాలు గెలిచాయి. అది కాగితం కోసం పుట్టిన గుర్తు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ఆ బాణాల లాంటి త్రికోణం మధ్యలో 1 నుంచి 7 దాకా అంకెలు పెట్టి వస్తువుల మీద అచ్చు వేయడం మొదలుపెట్టింది. ఆ అంకె చెప్పేది ఇది ఏ జాతి ప్లాస్టిక్ అనే ఒక్క ముక్కే. నీళ్ళ సీసా 1, షాంపూ సీసా 2, పల్చటి కవరు 4, మన గట్టి పార్సిల్ డబ్బా 5, నురుగు డబ్బా 6. “దీన్ని ఎవరో తీసుకుని మళ్ళీ వస్తువు చేస్తారు” అని ఆ గుర్తు ఎన్నడూ చెప్పలేదు. చూసినవాళ్ళకి అలా అనిపించింది, అంతే. జనం పొరబడుతున్నారని 2013లో అమెరికా ప్రమాణాల సంస్థ బాణాలు తీసేసి మామూలు త్రికోణం వాడమంది. పాత అచ్చులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకుంటామా? ఈ అంకె కూడా ఇంటిపేరు లాంటిదే.

నురుగు డబ్బా కథ 1990తో ముగియలేదు. వీధి చివరి బండ్లు, చిన్న హోటళ్ళు దాన్ని వదల్లేదు. 2013లో న్యూయార్క్ నగరం ఒక చట్టం చేసింది. “ఈ డబ్బాలను ఇప్పుడున్న చెత్త ఏరే కేంద్రాల ద్వారానే రీసైకిల్ చేయగలమేమో అధికారులు పరీక్షించి తేల్చాలి. చేయలేమంటే నిషేధం.” ఈ డబ్బాలు చేసే పెద్ద కంపెనీ డార్ట్ ముందుకొచ్చింది. నగరపు చెత్త వెళ్ళే బ్రూక్లిన్ కేంద్రంలో నురుగును వేరుచేసే యంత్రాల ఖర్చు తానే పెట్టుకుంటానంది. ఏరిన దాన్ని ఇండియానాపొలిస్‌లోని ఒక కర్మాగారం ఐదేళ్ళపాటు కొంటుందనీ హామీ ఇచ్చింది. వినడానికి బంగారం లాంటి మాట.

నగరం ఒప్పుకోలేదు. 2015 జనవరిలో “ఇది కుదరదు” అని తేల్చింది. కంపెనీ, హోటళ్ళవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఆ సెప్టెంబరులో కోర్టు నగరం నిర్ణయాన్ని కొట్టేసి, మళ్ళీ పరిశీలించమంది. నగరం మళ్ళీ లెక్కలు తీసింది. ఇంతకుముందు ప్రయత్నించిన ఊళ్ళ అనుభవాలు చూసింది. 2017లో మళ్ళీ అదే మాట చెప్పింది. తిండి అంటిన నురుగు ముక్కలై మిగతా కాగితంలో కలిసిపోతుంది, దానికి నిలకడగా కొనేవాళ్ళు లేరు. ఐదేళ్ళు ఎవరో డబ్బులిచ్చి కొనిపిస్తే ఆరో ఏడు ఏమవుతుంది? ఈసారి కోర్టు నగరం పక్షాన నిలిచింది. 2019 జనవరి 1 నుంచి న్యూయార్క్‌లో నురుగు డబ్బాలకు సెలవు. అక్కడున్న మన అమ్మాయిలకు ఈ మార్పు గుర్తుండే ఉంటుంది.

అసలు ఆ ఏరే కేంద్రంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ గొడవ ఇంకా బాగా అర్థమవుతుంది. మన జల్లెడ, చేట చేసే పనే అక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది. చెత్త అంతా పట్టా మీద కదులుతూ వస్తుంది. జల్లెడల మీద అట్టలు పైన తేలి పక్కకు పోతాయి, చిన్నవన్నీ కిందికి రాలిపోతాయి. మన పచ్చడి గిన్నెలు, చెంచాలు ఇక్కడే రాలి పనికిరాని చెత్తలో కలుస్తాయి. ఇనుమును అయస్కాంతం లాగుతుంది. అల్యూమినియాన్ని మరో రకం అయస్కాంత శక్తి ఎగరేస్తుంది. ప్లాస్టిక్ మీద మన కంటికి కనిపించని పరారుణ కాంతి పడుతుంది. ఒక్కో జాతి ఒక్కో తీరుగా ఆ కాంతిని తిప్పి పంపుతుంది. యంత్రం గుర్తుపట్టి, గాలి ఊది దాన్ని దాని గదిలోకి తోస్తుంది.

ఇక్కడే నల్ల డబ్బాకు చిక్కు. నల్లరంగు కోసం కలిపే మసి ఆ కాంతిని మింగేస్తుంది. తిరిగి వచ్చే వెలుగు లేదు కాబట్టి యంత్రానికి అక్కడ డబ్బా ఉన్నట్టే తెలియదు. అడుగున 5 అంకె ఉన్నా, శుభ్రంగా కడిగినా, మామూలు యంత్రాల ముందు నల్ల డబ్బా లేనట్టే. అదే ప్లాస్టిక్ తెల్లగా ఉంటే దొరికిపోతుంది. నలుపు ఎందుకు వాడతారంటే వంటకం రంగు దాని మీద బాగా కనిపిస్తుంది, ఏ రంగు ప్లాస్టిక్ కలిపినా నలుపులో కలిసిపోతుంది. అందం కోసం పెట్టిన రంగు డబ్బా గతినే మార్చేసింది.

యంత్రాలకు దొరకనిదీ మురికిదీ ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందంటారా? చాలావరకు ఓడల్లో చైనాకు. అక్కడ చవక కూలీలు చేతులతో ఏరేవారు. 2017లో చైనా ఇక చాలంది. 2018 నుంచి ఇళ్ళ ప్లాస్టిక్ చెత్త రానివ్వడం ఆపేసింది, మిగతా సరుకులో నూటికి అరపాలుకు మించి మురికి ఉండకూడదంది. అమెరికాలో చాలా ఊళ్ళు ఉన్నట్టుండి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తీసుకోవడం మానేశాయి. మోబ్రో పడవ కథే మళ్ళీ, ఈసారి ఇంకా పెద్దది.

మరి మన సంగతి? మన దగ్గర అంత ఖరీదైన కాంతి యంత్రాలు ఏ కొన్నిచోట్లో తప్ప లేవు. కానీ మనకు అంతకన్నా పాత ఏర్పాటు ఒకటుంది. “పాత పేపర్లు, ఖాళీ సీసాలు కొంటాం” అంటూ వీధిలోకి వచ్చే తోపుడుబండి, హైదరాబాద్‌లో కబాడీ అంటామే, అది. దానికంటే కింద, వీధి చెత్తలోంచి పనికొచ్చేది ఏరే ఆడవాళ్ళు. వీళ్ళకు అంకెలు చదివే అవసరం లేదు. డబ్బాను నొక్కి చూస్తారు, చప్పుడు వింటారు, వంచి చూస్తారు, ఏ జాతిదో చెప్పేస్తారు. నల్ల డబ్బా కూడా వాళ్ళ చేతికి కనిపిస్తుంది. రేటు మాత్రం తెల్లదానికే ఎక్కువ. పల్చటి సాంబారు కవరు, లోపల వెండిరంగు పొర ఉన్న కవరు, నురుగు కప్పు వాళ్ళూ ముట్టరు. కొనేవాడు లేడు కాబట్టి.

ప్రభుత్వం వైపు నుంచి కూడా కదలిక ఉంది. ఆల్మిత్రా పటేల్ అనే ఆవిడ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగానే దేశానికి 2000లో మొదటిసారి పట్టణ చెత్త నియమాలు వచ్చాయి. ఇక్కడా ముందుకు నడిచింది ఒక స్త్రీయే. ఆ తొలి ఏళ్ళలోనే మన సూర్యాపేట పేరు దేశమంతా వినిపించింది. అక్కడి మున్సిపాలిటీ ఇంటింటి దగ్గరే తడి చెత్త, పొడి చెత్త విడిగా తీసుకుని, తడిదాన్ని వానపాముల ఎరువుగా చేసి, పొడిదాన్ని ఏరి అమ్మింది. పెద్ద యంత్రాలేవీ లేకుండానే. 2016 నియమాలు తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరు చేయాలని దేశమంతటికీ చెప్పాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలు, స్ట్రాలు, పళ్ళేలు, గ్లాసులు నిషేధం. మూత ఉన్న గట్టి పార్సిల్ డబ్బా పేరు ఆ జాబితాలో లేదు. దాన్ని మరో దారిలో పట్టుకున్నారు. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్ తయారుచేసేవాళ్ళు, తమ బ్రాండు పేరుతో వాడేవాళ్ళు 2024–25లో సగం, 2027–28కి నూటికి ఎనభై పాళ్ళు రీసైకిల్ చేయించే బాధ్యత తీసుకోవాలని అదే ఏడాది నియమం పెట్టారు.

ఈలోపు డబ్బాల వరద వచ్చింది. 2014లో బెంగళూరులో స్విగ్గీ మొదలైంది. దాన్ని పెట్టినవాళ్ళలో శ్రీహర్ష మాజేటి మన విజయవాడ అబ్బాయే. జొమాటో అంతకుముందే ఉంది. వంట చేసే ఓపిక లేని రోజు ఈ సౌకర్యం మనకెంత ఆసరాయో చెప్పక్కర్లేదు. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బయటి తిండి తెప్పించుకున్న ఇల్లాలిని నిందించడానికి ఇప్పటికే చాలామంది ఉన్నారు.

నేను చెప్పాలనుకున్నది వేరు. ఈ యాభై ఏళ్ళ చరిత్రలో ఒక్క విషయం మళ్ళీ మళ్ళీ రుజువైంది. డబ్బా తిరిగి పనికి రావాలంటే మూడు చేతులు కలవాలి. గుర్తుపట్టి ఏరే చెయ్యి, డబ్బులిచ్చి కొనే చెయ్యి, ఎంగిలి లేకుండా పంపే చెయ్యి. ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ వృథా. ఇందులో మొదటి రెండూ డబ్బా తయారైన రోజే చాలావరకు తేలిపోతాయి: ఏ జాతి, ఏ రంగు, ఎన్ని పొరలు అన్నదాన్ని బట్టి. మూడోది మన చేతిలో ఉంది. పనంతా మూడో చేతి మీదికే తోసేసి, మొదటి రెండింటినీ వదిలేస్తే న్యాయం కాదు.

మూడో చెయ్యి చేయగలిగింది కూడా తక్కువేం కాదు. కూర గిన్నెలు కడిగిన నీళ్ళతోనే డబ్బాను ఒకసారి తొలిస్తే చాలు, తళతళలాడక్కర్లేదు. జిడ్డు కారే బిర్యానీ అట్టపెట్టె పొడి చెత్తలో వేస్తే మంచి కాగితాన్నీ పాడుచేస్తుంది. జిడ్డు లేని మూత చింపి పొడిలో వేసి, మిగతాది లోపల ప్లాస్టిక్ పొర లేకపోతే తడిలో వేయాలి. చెరుకు పిప్పితో చేసిన పళ్ళేలదీ తడి దారే. అల్యూమినియం గిన్నెను కడిగి ఉంచితే పాత సామాన్ల అబ్బాయి సంతోషంగా తీసుకుంటాడు. చెంచాలు వద్దని ఆర్డరులోనే చెప్పవచ్చు. 2021 నుంచి జొమాటోలో అడిగితేనే చెంచాలిస్తున్నారు కూడా.

మొదటి రెండు చేతుల్నీ కదిలించడం ఎలాగంటే, లోయిస్ గిబ్స్ చేసినట్టే, అడగడం. మన వీధి చివర టిఫిన్ సెంటర్ వాళ్ళని “నల్లవి కాకుండా తెల్ల డబ్బాలు తెప్పించండి” అనడానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు. దగ్గరి హోటల్ అయితే స్టీలు క్యారియర్ తీసుకెళ్ళవచ్చు. మన నానమ్మల కాలంలో అదేమీ వింత కాదు. అపార్ట్‌మెంట్ మీటింగులో “మన పొడి చెత్త ఎక్కడికి వెళ్తోంది, అక్కడ ఏవి తీసుకుంటున్నారు” అని ఒక్కసారి అడిగి చూడండి. ఆ జవాబును బట్టి వేరు చేస్తేనే మన శ్రమ ఫలిస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇన్నీ చేసినా ఆ డబ్బా మామూలుగా మళ్ళీ అన్నం డబ్బా కాదు. వాడిన ప్లాస్టిక్ అలా తిరిగి తిండికి చేరకూడదని 2018 ఆహార భద్రత నియమాలు చెప్పాయి. తర్వాత నీళ్ళ సీసాల జాతికి మాత్రం కొంత సడలింపు వచ్చింది. మన డబ్బా బకెట్టో, మగ్గో, కుర్చీయో అవుతుంది. అక్కడితో దాని ప్రయాణం దాదాపు ఆఖరు. అందుకే ఇంటికి రాని డబ్బాయే అన్నిటికంటే మేలైన డబ్బా.

చివరగా ఆ ఏరే చేతుల గురించి. పుణెలో చెత్త ఏరేవాళ్ళు 1993లో సంఘం కట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది స్త్రీలే. తర్వాత సొంత సహకార సంస్థ పెట్టుకుని, నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని, గుర్తింపు కార్డులతో ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకునే హక్కు సంపాదించారు. వాళ్ళ పోరాటాల్లో ఒక కోరిక ఎప్పుడూ ఉంది: చెత్త వేరు చేసి ఇవ్వండి. కారణం అర్థం చేసుకోవడానికి లెక్కలక్కర్లేదు. మనం మూత పెట్టి పారేసిన డబ్బాలో మూడు రోజుల నాటి గ్రేవీ ఉంటుంది. దాన్ని ఎవరో ఒకావిడ తెరుస్తుంది.

సొంత పిల్లల ఎంగిలి తీయడానికి కూడా మనం ఒక్కోసారి విసుక్కుంటాం. పేరు తెలియని ఇంకో అమ్మ మన ఇంటిల్లిపాది ఎంగిలీ తీస్తోంది, కిలోకి కొన్ని రూపాయల కోసం. విస్తరాకు రోజుల్లో ఆ పని ఆవుకూ భూమికీ వదిలేశాం. ఇప్పుడు ఆమెకు వదిలేస్తున్నాం. డబ్బా తొలిచి ఇవ్వడం భూగోళాన్ని కాపాడుతుందని నేను అనను. ఆమె చేతికి అంత మురికి తగలకుండా మాత్రం తప్పకుండా కాపాడుతుంది.